వలలో పడ్డ సొర పిల్లలు, టేకు చేపలు: ఒగ్గీడమా (వదిలెయ్యడమా), వేలం పాటకి పెట్టడమా? (ఒడిశా, గంజాం రేవులు)

కెరటం_గోపాల్‌పూర్ | శనివారం, రాత్రి 9:10

మాది గోపాల్‌పూర్ దగ్గర వాడ. నాన్నకి ఫైబర్ బోటుంది. నేను బరంపురంలో పని చేస్తున్నాను, సెలవు దొరికితే రేవుకి పోతాను. ఈ వారం పాట దగ్గర ఒక గంప చూశాను. అన్నీ సుత్తి తల సొర పిల్లలే, ఒక్కోటి మూరెడు ఉంటుందేమో. బొడ్డు దగ్గర గాటు ఇంకా పూడలేదు. అంటే తల్లి కడుపులోంచి వచ్చి ఎన్నాళ్ళో కాలేదన్నమాట. ఆ పక్కనే ఇసక మీద గిటార్ చేప ఒకటి పడుంది. ముందు సగం టేకు చేపలా చదునుగా, వెనక సగం సొరలా ఉంటుందే, అది. ఇంకా ఊపిరి తీస్తోంది.

"ఫారెస్టోళ్ళు చూస్తే కేసే" అన్నారొకరు. "అది తిమింగల సొరకి, దీనికి కాదు" అన్నారింకొకరు. మూడో మనిషి ఏమీ అనకుండా పాట పాడి కొనుక్కుపోయాడు.

చట్టం ఏమంటుందో తెలిసినవాళ్ళు చెప్పండి. అంతకన్నా నాకు కావలసింది ఏంటంటే, వల లాగాక ప్రాణంతో ఉన్నదాన్ని ఎలా వదిలితే బతుకుతుంది, మా నాన్న లాంటివాళ్ళకి చెయ్యి కాలకుండా ఏం చెయ్యొచ్చు. ఫొటోలున్నాయి గాని పెట్టను, గంప ఎవరిదో తెలిసిపోతుంది.

నిజంచెప్తా | శనివారం, రాత్రి 9:32

హైదరాబాద్ నుంచి. సొరల వేట మొత్తం ఆపేస్తే సరిపోయేదానికి ఇంత చర్చ ఎందుకండీ? చైనావాళ్ళ రెక్కల సూపు కోసం సముద్రాలు ఖాళీ చేస్తున్నారు. డబ్బాశ తప్ప ఇంకేం లేదు ఇందులో.

గంపలవ్యాపారి | శనివారం, రాత్రి 9:50

రెక్కల సూపు తాగే మొహాలా మావి? బాబూ, రెక్కలు కోసి మొండెం సముద్రంలో పారేసేది నడిసముద్రంలో నెలల తరబడి ఉండే పెద్ద పెద్ద విదేశీ ఓడలవాళ్ళు. మన ఒడ్డున సొర పడితే తల నుంచి తోక దాకా అమ్ముడుపోతుంది. మాంసం పచ్చిది కొంత, ఎండబెట్టింది కొంత. కాలిజం నుంచి నూనె తీసేవాళ్ళు ఒకప్పుడు.

2013లో రెక్కలు ఒంటికి అంటుకునే ఉండాలని కేంద్రం చెప్పింది. 2015 ఫిబ్రవరిలో రెక్కల ఎగుమతే ఆపేసింది. రెక్కల మీద వచ్చే నాలుగు రూపాయలు పోయాయి, నిజమే. మరి రేవుకొచ్చే సొర తగ్గిందా? వలలో పడేది పడుతూనే ఉంది. మాంసానికి గిరాకీ మన దగ్గరే ఉంది. చెన్నై పోతుంది, కేరళ పోతుంది, ఇక్కడి హోటళ్ళలో సొర పుట్టు అడుగుతారు. అందులో చిన్న సొరకే ధర, పెద్దదానికి వాసన, పీచు. మీ హైదరాబాద్ హోటల్లో తిన్నది ఎక్కడిదనుకుంటున్నారు?

సోనాపూర్_మావ | శనివారం, రాత్రి 10:25

ఒరే కెరటం, మీ నాన్న నాకు తెలుసు గనక సెప్తన్నాను.

మా కుర్రతనంలో టేకు వలని ఏరేగా ఉండీది. లావు దారం, కన్ను జానెడు పైమాటే. తెప్ప మీద తెరసాప ఎత్తి పోయి, రాత్రంతా వల ఒగ్గీసి, తెల్లారి లాగితే ఒక్కో టేకుని ఇద్దరు మోసీవోరు. ఇప్పుడా వల మా వాడలో ఒక్కరింట్లో లేదు. పడనిదానికి వల ఎవుడు కట్టుకుంటాడు? మా అయ్య కాలంలో రంపం సేప పడీది. దాని రంపం మా పాతింట్లో దూలానికి కట్టుండీది. నా కొడుకులు ఆ సేపని కళ్ళతో సూళ్ళేదు.

ఇప్పుడు పడతన్న సొర్లు కవ్వల వల్లోనూ, కోనాం వల్లోనూ పడ్డవే. వాటికోసం మేం పోడం లేదు, అవే ఒచ్చి పడతన్నాయి. వలకేటి కళ్ళున్నాయా, ఇది సొర, ఇది సందువా అని సూసుకోడానికి?

ఇంకొకటి సెప్తాను, మనసులో ఉంచుకో. నువ్వియాల సొర అంటావు, రేపింకొకడు టేకంటాడు, ఎల్లుండి ఇదీ తాబేలు లాగే అవుద్ది. రుషికుల్య ఏటి మూల తాబేళ్ళ కోసమని నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపల వెయ్యకూడదన్నారు. అది అవకముందే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఏటేటా ఉండే వేట బందు. మిగిలిన దినాల్లో వాయుగుండాలు, తుపాన్లు. మరింక మా పొయ్యి మీద కుండ ఎప్పుడెక్కాల?

కడలి_పీజీ | శనివారం, రాత్రి 11:05

బరంపురం యూనివర్సిటీలో సముద్రశాస్త్రం చదివాను, మాది ఛత్రపూర్. చట్టం సంగతి నాకు తెలిసినంత చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

2001 మేలో తిమింగల సొరని వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు. అంటే పులికి, ఏనుక్కి ఉన్న రక్షణే దానికీ. రెండు నెలలు తిరక్కుండానే, జూలైలో, సొరలూ టేకులూ ఒక్కటీ మిగలకుండా అన్నిటినీ అదే షెడ్యూల్లోకి తోసేశారు. ఒక్క సంతకంతో దేశంలో ప్రతి రేవూ నేరస్థలం అయిపోయింది. తీరమంతా గోల లేచింది. డిసెంబరుకల్లా వెనక్కి తగ్గి 10 రకాలు మాత్రం ఉంచారు. తిమింగల సొర, గంగా సొర, పాండిచ్చేరి సొర, ఈటె పళ్ళ సొర, మూడు రకాల రంపం చేపలు, ఒక పెద్ద గిటార్ చేప, గంగా టేకు, ముళ్ళ టేకు. 2022లో చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. జాబితాలు తిరగరాశారు, సొరలు, టేకులు ఇంకా చాలా చేరాయి. షెడ్యూల్ 1 ప్రాణి దగ్గరుంటే మూడేళ్ళకి తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, 25,000కి తగ్గకుండా జుర్మానా. చచ్చిపోయిందనో, వలలో దానంతటదే పడిందనో చెప్తే వదిలేస్తారనే ధీమా పెట్టుకోవద్దు.

ఆ గిటార్ చేపది చిత్రమైన కథ. 2001 జాబితాలో రాసిన రకం ఆఫ్రికా, అరేబియా వైపు సముద్రాల్లో ఉండేది. మన బంగాళాఖాతంలో తిరిగేవి దాని దాయాదులు. ఇసక మీద పడుంటే వాటి తేడా చెప్పగలిగేవాళ్ళు దేశం మొత్తం మీద ఎంతమంది? పాట దగ్గర నిలబడ్డ గార్డుకి తెలీదు, పట్టినవాడికి తెలీదు, కొన్నవాడికి అక్కర్లేదు. 2019లో ఐయూసీఎన్ (ఏ జాతికి ఎంత ముప్పుందో లెక్కకట్టే అంతర్జాతీయ సంస్థ) పెద్ద గిటార్ చేపల కుటుంబాలు రెండింట్లో ఉన్న 16 రకాలనీ లెక్కకట్టి 15 రకాలు పూర్తిగా అంతరించిపోయే అంచున ఉన్నాయని తేల్చింది. పులికి కూడా అంత గడ్డు స్థితి లేదు. అందుకని కెరటం అన్నా, రకం పేరుతో పని లేదు. పెద్ద గిటార్ చేప ఏదైనా సరే ఒడ్డుకి తేకపోవడమే మీ నాన్నగారికి మంచిది.

సుత్తి తలది వేరే లెక్క. 2013లో బ్యాంకాక్‌లో జరిగిన సైటిస్ (ముప్పున్న ప్రాణుల విదేశీ వ్యాపారాన్ని కట్టడి చేసే దేశాల ఒప్పందం) సమావేశంలో దాన్ని రెండో అనుబంధంలో పెట్టారు. దేశం దాటి అమ్మాలంటే, ఆ వేట వల్ల జాతికి ముప్పు లేదని ప్రభుత్వం తేల్చి కాగితం ఇవ్వాలి. 2022లో పనామాలో ఇంకా చాలా సొరల్ని ఆ కట్టడిలోకి తెచ్చారు. కానీ అదంతా సరిహద్దు దాటే సరుకు గొడవ. గోపాల్‌పూర్‌లో పట్టి బరంపురం బజార్లో అమ్మితే సైటిస్‌కి కనిపించదు. వ్యాపారి అన్న చెప్పిన మాట అందుకే కొట్టిపారేసేది కాదు. మన గొడవ రెక్కలది కాదు, కూరది.

నిజంచెప్తా | ఆదివారం, ఉదయం 7:15

అయితే మాంసం కూడా నిషేధించండి. ఎవరూ సొర తినకపోతే చచ్చిపోరు.

పెంటకట_పిల్ల | ఆదివారం, ఉదయం 8:02

మీరు చచ్చిపోరు. మేం పస్తుంటాం.

పూరీ పెంటకటలో మావి అన్నీ తెలుగు మత్స్యకారుల కుటుంబాలే, ఇక్కడ నోళియాలంటారు. మా అమ్మ పాటలో గంప కొని, ఉప్పేసి, ఎండబెట్టి అమ్ముతుంది. పెట్టుబడి సావుకారుది. మంచి సేప ఎగుమతికి పోతుంది, చందువా కోనాం మా చేతికి రానే రావు. అమ్మ లాంటివాళ్ళకి మిగిలేవి కవ్వలు, సావిళ్ళు, చిన్న సొర్రలు, టేకులు. రేపు టేకు అమ్మకూడదంటే ఎగుమతిదారుడికి పోయేది ఏమీ లేదు, పోయేది అమ్మ గంపే. ఎవరైనా ఈ లెక్క ముందు వేసుకుని తర్వాత నిషేధం గురించి మాట్లాడండి.

ఇంకో మాట. ఒడ్డు నుంచి 5 కిలోమీటర్ల లోపల మర బోట్లు రాకూడదని ఒడిశా చట్టం ఎప్పుడో 1982లో చేసింది. రాత్రి మా మేడ మీంచి చూస్తే దీపాలు కనిపిస్తాయి, ఆ దూరం 5 కిలోమీటర్లని ఎవరన్నా అంటే నవ్వొస్తుంది. సముద్రం అడుగుని ఊడ్చుకుంటూ పోయే వల అది. టేకు ఉండేదే అడుగున ఇసకలో. దాన్ని పట్టించుకోకుండా మా నాన్న పడవలో పడ్డ రెండు టేకుల్ని లెక్కపెడతారేంటి?

సోనాపూర్_మావ | ఆదివారం, ఉదయం 8:40

బాగా సెప్పేవు తల్లీ.

గంపలవ్యాపారి | ఆదివారం, ఉదయం 9:20

కెరటం బాబుకి ఒక్క మాట. చిన్నగా ఉన్న ప్రతిదీ పిల్ల కాదు. మూరెడు సొరల్లో పూర్తిగా ఎదిగినవి ఉంటాయి. పార మూతి సొరలు చూడు, వాటి సైజే అంత. సొర అనగానే పిల్ల, పిల్ల అనగానే పాపం అంటే ఎలా?

కడలి_పీజీ | ఆదివారం, ఉదయం 10:10

అది నిజం. మూతి పారలా పలచగా ఉండే చిన్న సొర, పాల సొర, ఇవి ఏడాది రెండేళ్ళలో ఈడుకొస్తాయి. మోతాదులో పడితే వేటని కొంత తట్టుకుంటాయి. సుత్తి తలకి చాలా సముద్రాల్లో పదేళ్ళ పైన పడుతుంది. ఈనేది డజను నుంచి నలభై దాకా. వినడానికి చాలా అనిపిస్తుంది గాని, వేలల్లో గుడ్లు పెట్టే కవ్వతో పోల్చి చూడండి. దెయ్యపు టేకు అని లావుపాటి రెక్కలతో నీళ్ళలోంచి ఎగిరి పడుతుంటుందే, అది ఏడాది మోసి ఈనేది ఒక్క పిల్లని. ఆ లెక్కన అది చేప కాదు, ఆవు.

పిల్లా, ఎదిగిందా అని పాట దగ్గరే తెలుసుకోవచ్చు. పొట్ట తిప్పి చూడండి. ముందు రెక్కల మధ్య బొడ్డు గాటు తెరుచుకుని ఉంటే అప్పుడే పుట్టింది. మగదైతే వెనక రెక్కల దగ్గర రెండు కాడలుంటాయి. అవి పొట్టిగా మెత్తగా ఉంటే ఈడుకి రాలేదు, పొడవుగా గట్టిపడితే వచ్చింది. పుస్తకం అక్కర్లేదు, కొలబద్ద అక్కర్లేదు. కెరటం అన్న చూసిన గంపలో గాటు పూడనివే ఉన్నాయంటే ఎక్కడో దగ్గర్లో, లోతు లేని నీళ్ళలో, తల్లులొచ్చి ఈనుతున్నాయి. ఒకే చోట వల వేస్తే ఆ ఏటి కాన్పులన్నీ ఒకే గంపలోకొస్తాయి.

కెరటం_గోపాల్‌పూర్ | ఆదివారం, ఉదయం 10:45

చెల్లీ, మరి ఆ పిల్లల్ని వలలోంచి తీసి వదిలేస్తే బతుకుతాయా? నాన్నని అడిగితే "చచ్చినవే వస్తాయిరా" అంటున్నాడు.

కడలి_పీజీ | ఆదివారం, ఉదయం 11:30

నాన్నగారు చెప్పిందే నిజం. సుత్తి తలకి ఈదుతూ ఉంటేనే నోట్లోంచి నీళ్ళు పోయి మొప్పలకి గాలి అందుతుంది. వలలో ఇరుక్కుని కదలిక ఆగితే ఎంతోసేపు ఉండదు. వల లాగేసరికి ఎక్కువ భాగం చచ్చే ఉంటాయి. చచ్చినదాన్ని సముద్రంలో పారేస్తే సముద్రానికీ లాభం లేదు, ఇంటికీ లాభం లేదు. "వలలో పడ్డవి వదిలెయ్యండి" అని పోస్టరు వేసి వెళ్ళిపోయేవాళ్ళతో నాకున్న పేచీ ఇదే. సుత్తి తలల విషయంలో చెయ్యాల్సింది, అవి ఈనే రోజుల్లో ఈనే చోట వల వెయ్యకపోవడం, లేదంటే వల నీళ్ళలో ఉండే గంటలు తగ్గించడం.

టేకులూ గిటార్ చేపలూ అలా కాదు. వాటికి కళ్ళ వెనక రంధ్రాలుంటాయి, వాటితో నీళ్ళు పీల్చుకుంటాయి. కదలకుండా పడుకున్నా ఊపిరాడుతుంది. పడవలో చాలాసేపు బతికే ఉంటాయి. నువ్వు చూసిన గిటార్ చేప పాట దాకా వచ్చి కూడా ఊపిరి తీస్తోందంటే, వల లాగినప్పుడే వదిలితే బతికే అవకాశం బాగా ఉండేది.

ఎలా వదలాలంటే, తోక పట్టుకుని వేలాడదీయకూడదు. వాటికి మనలా పక్కటెముకలు లేవు, లోపలి అవయవాలు దాని బరువుకే చితుకుతాయి. మొప్పల చీలికల్లో చెయ్యి పెట్టకూడదు. కళ్ళ వెనక రంధ్రాల్లో వేళ్ళు పెట్టి లేపడం మన రేవుల్లో మామూలే, అదీ వద్దు. కొక్కెం గుచ్చకూడదు. పెద్ద టేకుని ఇద్దరు రెండు పక్కల అంచులు పట్టి, లేదా వల ముక్క మీదకి జరిపి, జార్చాలి. ఆలోగా తడి గోనె కప్పి ఉంచితే చాలు.

సోనాపూర్_మావ | ఆదివారం, మధ్యాహ్నం 1:15

పిల్లా, నువ్వు సెప్పింది అంతా బాగుంది. మరి తోక ముల్లు సంగతో? మా తమ్ముడికి కాల్లో దిగి రాత్రంతా ఏడ్సేడు. అందుకనే మేం టేకు పడితే ముందు తోక నరుకుతాం. ముల్లున్న తోకతో దాన్ని సేత్తో ఎత్తమంటే కుర్రోళ్ళెవరూ ఎత్తరు.

కడలి_పీజీ | ఆదివారం, మధ్యాహ్నం 1:50

తోక నరకక్కర్లేదు మావయ్యా. ముల్లు మీద మందపాటి గోనె గుడ్డ రెండు చుట్లు చుట్టి, ఒకరు కాలితో కాకుండా కర్రతో తోకని పలక మీద అదిమి ఉంచితే చాలు. ఒకవేళ గుచ్చుకుంటే, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ఆ భాగాన్ని గంటన్నర దాకా ముంచి ఉంచాలి. ఆ విషం వేడికి విరుగుతుంది, నొప్పి దిగుతుంది. తర్వాత ఆసుపత్రికి పోయి ముల్లు ముక్క లోపల ఉండిపోయిందేమో చూపించుకోవాలి. పసుపు నూరి పెట్టి ఊరుకుంటే చీము పడుతుంది.

సోనాపూర్_మావ | ఆదివారం, మధ్యాహ్నం 2:20

ఏన్నీళ్ళ సంగతి మాకూ తెలుసు, గంజి కాసి పోసీవోరు పాతోళ్ళు.

నానొకటి అడుగుతాను. కడుపుతో ఉన్న టేకు వల్లో పడితే పలక మీదే ఈనీస్తాది. చాలా మాట్లు సూసేను. తల్లిని ఉంచుకుని పిల్లల్ని నీళ్ళలోకి ఒగ్గీడం మా వాడలో పద్ధతి. గంగమ్మ సొత్తు గంగమ్మకి అని. అవి బతుకుతాయా?

కడలి_పీజీ | ఆదివారం, మధ్యాహ్నం 3:05

మావయ్యా, ఈ చర్చ మొత్తంలో అసలైన ప్రశ్న ఇదే.

అది నెలలు నిండి ఈనడం కాదు. వలలో నలిగి, గాలి అందక, భయంతో కడుపు జారిపోవడం. టేకులకీ గిటార్ చేపలకీ ఇది బాగా ఎక్కువ. పిల్ల పొట్టకి పసుపచ్చ సంచి వేలాడుతుంటే అది ఇంకా తల్లి లోపల ఉండాల్సినది, నీళ్ళలో వేసినా బతకదు. సంచి పూర్తిగా లోపలికి పోయి, పొట్ట నున్నగా ఉండి, పిల్ల తనంతట తాను అంచులు ఆడిస్తుంటే బతికే అవకాశం ఉంది, తప్పకుండా వదలండి. మీ వాడ పద్ధతి మంచిదే. అయితే పిల్లల్ని వదిలి తల్లిని ఉంచుకుంటే లెక్క తిరగబడుతుంది. పిల్లల్లో పెద్దయ్యేవి కొన్నే. తల్లి ఒక్కటి బతికితే ఇంకా చాలా ఏళ్ళు ఈనుతుంది. గంగమ్మకి తిరిగి ఇచ్చేదేదైనా ఉంటే అది కడుపుతో ఉన్న తల్లే. అది ఈనకముందే, వల లాగిన వెంటనే.

సోనాపూర్_మావ | ఆదివారం, మధ్యాహ్నం 3:30

తల్లికే కదమ్మా డబ్బులు.

వంటిల్లు_ఛత్రపూర్ | ఆదివారం, సాయంత్రం 4:45

ఇక్కడ అందరూ పట్టేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు, తినేవాళ్ళ మాటా కొంచెం వినండి. మా ఇళ్ళల్లో బాలింతకి పాల సొర పెడతారు, పాలు పడతాయని. చింతపండు పులుసు పోసి, వెల్లుల్లి దండిగా వేసి, మిరియాలతో. నా రెండు కాన్పులకీ మా అత్తగారు పెట్టారు. తప్పు పట్టడం లేదు, రుచి బాగుంటుంది, మాంసకృత్తులు ఎలాగూ ఒంటికి మంచివే.

కానీ సొర చాలా ఏళ్ళు బతుకుతుంది, ఇతర చేపల్ని తింటుంది. వాటిలో ఉన్న పాదరసం అంతా దాని ఒంట్లో చేరుతుంది. ఎంత పెద్ద సొరైతే అంత ఎక్కువ. అమెరికా ఆహార, ఔషధ సంస్థ గర్భిణులూ పాలిచ్చే తల్లులూ తినకూడదన్న చేపల్లో సొర పేరు ఉంది. మా కోడలికి నేను నెత్తళ్ళు, కవ్వలు పెట్టాను. వాటిలో ఆ భయం తక్కువ, కాల్షియం కూడా ఉంది. పాలు బాగానే పడ్డాయి. మా అత్తగారు ఇంకా అలిగే ఉన్నారు.

ఆ మూత్రం కంపు గురించి కూడా చెప్తాను. సొర ఒంట్లో యూరియా ఉంటుంది, చచ్చాక అది అమోనియా అవుతుంది. అందుకే పసుపు, చింతపండు వేసి నాలుగు నీళ్ళు కడిగేది. ఎంత కడిగినా పాదరసం మాత్రం పోదు.

పెంటకట_పిల్ల | ఆదివారం, సాయంత్రం 5:10

అత్తా, మీ పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను. "మరి మనం అమ్మేది ఎవరికి" అంది. నాకు జవాబు లేదు.

ఇచ్ఛాపురం_అవతల | ఆదివారం, రాత్రి 8:30

నాది డొంకూరు వైపు, అంటే రాష్ట్రాల గీతకి ఇవతల, ఆంధ్రలో. మీ ఏరు బాహుదా, మా ఏరు బాహుదా, సముద్రం ఒకటే. సోనాపూర్ బోటు మా వైపు వస్తుంది, మా బోటు మీ వైపు పోతుంది. మీ రేవులో అమ్మనివ్వకపోతే మా రేవులో దిగుతుంది, అంతే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 బందు రెండు వైపులా ఒకటే గాని, ఆ బందు రోజులకి ఆంధ్రలో కుటుంబానికి 20,000 ఇస్తున్నారు ఇప్పుడు. ఒడిశాలో తాబేళ్ళ బందుకి ఇచ్చేది వేరు, అందేవాళ్ళు వేరు. సొరల కోసం ఏ నియమం పెట్టినా రెండు జిల్లాల్లో ఒకేసారి పెట్టాలి. లేకపోతే గంజాంలో నిజాయితీగా ఉన్నవాడే నష్టపోతాడు.

కెరటం_గోపాల్‌పూర్ | ఆదివారం, రాత్రి 9:00

ఇంతమంది రాశారు, సంతోషం. నాకు గుజరాత్ సంగతి తరచూ గుర్తొస్తుంటుంది. అక్కడ సౌరాష్ట్ర తీరంలో తిమింగల సొరని నూనె కోసం చంపేవాళ్ళు. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియావాళ్ళు రామకథలు చెప్పే మురారి బాపుని తీసుకొచ్చారు. కాన్పుకి పుట్టింటికొచ్చిన ఆడపడుచుని చంపుకుంటామా అని ఆయన అడిగితే ఊళ్ళు ఊళ్ళే మారాయి. అయితే మాటతోనే కాలేదు. వల కోసి వదిలేసినవాళ్ళకి అటవీశాఖ 25,000 దాకా నష్టపరిహారం ఇచ్చింది. వందల తిమింగల సొరల్ని వదిలారు. పట్టినవాళ్ళే వదిలారు.

గంపలవ్యాపారి | ఆదివారం, రాత్రి 9:25

తిమింగల సొర లారీ అంత ఉంటుంది, ఫొటో తీస్తే కనిపిస్తుంది, పేపర్లో పడుతుంది. మూరెడు టేకుకి నష్టపరిహారం ఎవరిస్తారు? దానికి ఎవరు కథ చెప్తారు?

కడలి_పీజీ | ఆదివారం, రాత్రి 9:50

మీ వెటకారంలోనే సగం నిజం ఉంది అన్నా. చిన్నదానికి పరిహారం రాదు. ప్రపంచంలో సొరలు, టేకుల్లో మూడో వంతు పైగా అంతరించే ముప్పులో ఉన్నాయని 2021లో తేలింది, కారణం అతివేట. వాటిలో పేపర్లో పడేవి పదో పాతికో.

అందుకే నేను అన్ని సొరల గురించీ అడగను. రెండే అడుగుతాను. ప్రాణంతో ఉన్న పెద్ద గిటార్ చేపా, కడుపుతో ఉన్న టేకూ పడవలోంచే వెనక్కి పోవాలి. బొడ్డు గాటు పూడని సుత్తి తల పిల్లలు గంపల్లో కనిపించే చోటు ఎక్కడో వాడవాళ్ళే గుర్తుపట్టి, ఆ నాలుగు వారాలు ఆ చోట వల వెయ్యకుండా ఉండాలి. చోటు మీకే తెలుసు, నాకు తెలీదు, భువనేశ్వర్లో కూర్చున్నవాళ్ళకి అసలే తెలీదు. పాల సొర పట్టుకోండి, కవ్వలు పట్టుకోండి. మర బోట్లు 5 కిలోమీటర్ల లోపలికి వస్తే ఫిషరీస్‌వాళ్ళకి ఫిర్యాదు రాయడానికి మీతో పాటు నేనూ సంతకం పెడతాను. అది ఆగకపోతే మిగతావన్నీ చేసినా పెద్దగా తేడా ఉండదు.

నిజంచెప్తా | ఆదివారం, రాత్రి 10:05

ఇది రాజీ. రాజీలతో జాతులు బతకవు.

పెంటకట_పిల్ల | ఆదివారం, రాత్రి 10:12

2001లో రాజీ లేకుండానే చేశారు కదండీ. అయిదు నెలలు నిలిచింది.

మోడరేటర్ | ఆదివారం, రాత్రి 10:20

హైదరాబాద్ సోదరుడికీ పూరీ చెల్లికీ మనవి, ఇక్కడితో ఆపండి. మిగతావాళ్ళు కొనసాగించవచ్చు.

గంపలవ్యాపారి | ఆదివారం, రాత్రి 10:40

నేను గాటు పూడనివి కొననని ఇక్కడ రాస్తే రేపు పక్కవాడు కొంటాడు. కొనేవాళ్ళం అయిదారుగురం ఒకచోట కూర్చుని అనుకుంటే వేరు. నన్ను ముందు పెట్టకండి గాని, పిలిస్తే వస్తాను.

సోనాపూర్_మావ | ఆదివారం, రాత్రి 11:00

సరే ఇనండి. ఆ చోటు నాకు తెలుసు. ఏటి మొగ దగ్గర, దక్షిణం పక్క, ఇసక దిబ్బ కట్టిన కాడ. రెండు మూడు బారల నీళ్ళుంటాయి. ఇక్కడ పూర్తిగా సెప్పను, రేపు పొద్దున్నకి పది బోట్లు పోతాయి. తల్లిని ఒగ్గమంటే మాత్రం కుర్రోళ్ళు ఊరుకోరు, ముందే సెప్తన్నాను. గిటార్ సేపకి ఒప్పుకుంటారు, కేసు భయం ఉంది గనక.

ఓ కాగితం మీద బొమ్మలు ఏయించు కెరటం. అచ్చరాలొద్దు, ఒడియా తెలుగు గొడవొస్తాది, సగం మందికి రెండూ సదవడం రాదు. గాటు ఎలాగుంటాదో ఒకటి, పసుపు సంచి ఒకటి, గిటార్ సేప ఒకటి. తోక పట్టుకుని ఎత్తిన బొమ్మ మీద అడ్డంగా ఎర్రగీత కొట్టు.

కెరటం_గోపాల్‌పూర్ | ఆదివారం, రాత్రి 11:20

వేయిస్తాను మావా. వచ్చే ఆదివారం పొద్దున్న పాట దగ్గరకి తెస్తాను. కడలి చెల్లీ, బొమ్మలు సరిగ్గా వచ్చాయో లేదో నువ్వు ముందు చూడాలి. వ్యాపారి అన్నా, మీకు ఫోన్ చేస్తాను.

సోనాపూర్_మావ | సోమవారం, తెల్లవారుజాము 3:50

పాట కాడ వొద్దు, అక్కడెవుడూ ఇండు. రామాలయం అరుగు మీదకి సాయంత్రం రా. గాలి కొండగాలైతే ఆదివారం బోట్లు పోవు, అందరూ ఉంటారు. పోతే మంగళారం. ఇప్పుడు వలెక్కించాలి, ఉంటాను.